ఫెల్డ్‌స్పార్ మిల్లు

జడ్చర్ల దగ్గరి ఫెల్డ్‌స్పార్ మిల్లులో జానయ్య, బిక్షమ్మ దంపతులు పనిచేసేవాళ్లు. టైల్స్ తయారీకి గులాబీ రంగు రాయిని పొడి కొట్టే మిల్లు అది. జానయ్యకు దగ్గు పట్టుకుంటే టీబీ అనుకుని ఏళ్లపాటు మాత్రలు మింగించారు. చివరికి హైదరాబాద్ దవాఖానలో డాక్టరు, ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మే ఉందని, దానికి మందు లేదని చెప్పాడు. వానలు పడకముందే జానయ్య పోయాడు.

దినాలు కాగానే సూపర్‌వైజర్ వీరేశం ఇంటికొచ్చాడు.

"ఇగ మీ ఆయన జాగల నువ్వే మిషన్ కాడ నిలబడు, బిక్షమ్మా."

"రాయి మీద నీళ్లు కొట్టిస్తవా? అట్లయితే దుమ్ము లేవదంట."

"తడిస్తే పొడి ముద్దగడ్తది. సేటు ఒప్పుకోడు."

"అయితే నేను రాను."

"మరేం తింటవ్?"

మర్నాడు పొద్దున్నే బిక్షమ్మ మిల్లు గేటు ముందు కూర్చుని, వచ్చిన ప్రతి ఒక్కరికీ డాక్టరు మాట చెప్పింది. అందరూ విన్నారు. కొంగులు మూతికి కట్టుకుని లోపలికి పోయారు. పక్కింటి శ్రీదేవి ఒక్కతే ఆగింది.

"నాక్గూడ దగ్గొస్తాంది చిన్నమ్మా. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే."

బిక్షమ్మ లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. లోపల మిషన్ మొదలైంది. ఇద్దరూ హైదరాబాద్ బస్సు కోసం రోడ్డు వైపు నడిచారు.