తాయారు భుజమ్మీది గూడు

పొద్దున్నే మొగుడు సత్యానికి క్యారేజీ కట్టిచ్చి, కూర్మన్నపాలెం బస్సెక్కించాక, తాయారు బైనాక్యులర్ మెడలో వేసుకుని ఇంటి వెనకున్న ఆవ మడుగుకి వెళ్లేది. అక్కడ నీళ్లూ తుంగా, నీళ్లలో తుమ్మచెట్లూ. ఆ చెట్ల మీద గుడ్లు పెట్టే తెల్లకొంగల్ని కనిపెట్టుకుని ఉండడం ఆమె పని. పిల్లలు బొద్దుగా ఎదిగితే నీళ్లు బాగున్నట్టు, ఎదక్కపోతే చెడినట్టు. చూసింది చూసినట్టు పక్షుల సర్వేవాళ్లకి ఫోన్లో చెప్పేది.

ఆ ఏడు తుమ్మచెట్లు నిలువునా ఎండిపోయాయి. కొంగలు వచ్చి, చూసి, వెళ్లిపోయాయి. ఒక్క జంట మాత్రం ఉండిపోయి, తాయారు ఎడమ భుజమ్మీద పుల్లలు పేర్చుకుని గుడ్లు పెట్టింది.

బస్సులో ఆడవాళ్లు పుల్లలు గుచ్చుకోకుండా కాస్త జరిగి కూర్చునేవారు. పక్కింటి మంగాయమ్మ తన పిల్లిని గదిలో పెట్టి గొళ్లెం వేసింది. తాయారు గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. గూడు కదలకుండా సత్యమే ఆమెకి జడ వేసేవాడు.

అప్పటికామెకి నాలుగో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆవ నీళ్లు ఊరే బావిలోవే వాళ్లు తాగేది. పద్మనాభంలో అమ్మావాళ్లింటికి పోదామని ఆమె ఎన్నిసార్లు బతిమాలినా, చెమటోడ్చి కట్టుకున్న ఇల్లు కొంగలు వెళ్లిపోయాయని వదిలేస్తామా అని సత్యం కొట్టిపారేసేవాడు.

గుడ్లు పగిలి మూడు పిల్లలొచ్చాయి. తల్లీ తండ్రీ ఆవలో చేపలు మింగొచ్చి వాటి నోట్లో కక్కేవి. తిన్నకొద్దీ పిల్లలు వాలిపోయాయి. తాయారు బజారు చేపలు తెచ్చి పెట్టబోతే ముక్కులు తెరవలేదు. ఒకటి పోయింది. రెండోదీ పోయింది. మూడోది ఆమె మెడవంపులో తల దూర్చి, సత్యం చూస్తుండగానే చల్లబడింది.

సత్యం దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు.

"బట్టలు సర్దు," అన్నాడు. "నాను పద్మనాభం నుంచే డూటీకి ఎల్తాను."

"ఇల్లో మావా?"

"పోతే పోనీ."

బయల్దేరే ముందు గూడుని పుల్ల పుల్లగా విప్పాడు. తండ్రి కొంగ ఎగిరిపోయింది. తల్లి కొంగ ఆటో పక్కనే రోడ్డు దాకా నడిచింది. తాయారు ఆటో ఆపించి, కొంగు పరిచింది.

"రాయే తల్లీ. ఆ నీల్లు తాగకే."

అది కాసేపు ఆమెని చూసి, వెనక్కి తిరిగి ఆవలోకి దిగింది.

పద్మనాభంలో వాళ్లకి ఆడపిల్ల పుట్టింది. వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చింది. అందరూ పంచదార పంచుకున్నారు. పిల్లకి మొదటిసారి పాలిస్తూ తాయారు ఆపుకోలేక ఏడుస్తుంటే, నొప్పా అని అడిగాడు సత్యం.

"అదింకా ఆ నీల్లలోనే మేత్తంది మావా," అంది.