సున్నా వైపుకు

తగ్గించాను కదా, వైఫై పవర్ ఇరవై నుంచి ఎనిమిదికి తగ్గించాను, గొంతు తగ్గించడం నాకు చేతనైన పని కాదు గానీ ఏటి గట్టున తుమ్మచెట్టుకు కట్టిన ఆ అగ్గిపెట్టెంత బోర్డుకు ఇంట్లో కూర్చునే నేర్పాను, ట్రాక్టరు ఏట్లోకి దిగితే నేల అదురు పట్టుకుని నాకొక్కదానికే మెల్లగా చెప్పు అని, ఏం ఉక్క ఇది, దీపాలు పెట్టే వేళైనా ఆకు కదలదు, పొద్దున టీ అంగడి దగ్గర చిన్నబ్బ, ఇసుక తోలించే దామోదరం దగ్గర ట్రాక్టరు నడిపేవాడు, ఫోన్ నా ముఖం మీద పెట్టి, ఏం కృపక్కా, ఏట్లో వైఫై పెట్టిచ్చినావా, ఇసుకెత్తతా ఫోన్ సూస్తే నీ పేరే కనిపిస్తాండాది, పాస్‌వర్డు సెప్పు, పాటలన్నా ఇనుకుంటాం అన్నాడు, అందరూ నవ్వారు, దామోదరం నవ్వలేదు, గ్లాసు కింద పెట్టి, యాడ పెట్టినావో నువ్వే తీసెయ్ మా, మేం తీస్తే బాగుండదు అన్నాడు, ఎంత మెత్తగా అన్నాడు.

బోర్డు వైఫైకి పేరు పెట్టమంటే నా పేరే పెట్టాను, గోడ మీద రాసినా కరపత్రం వేసినా కింద కృపామణి అని ఉంటుంది, మా బావులెండగొట్టి ఇసుక మద్రాసుకు తోలేవాడే తలెత్తుకు తిరుగుతుంటే నేనెందుకు దాక్కోవాలి, పేరన్నా మార్సు పాపా, దొంగను పట్టేదానికి గజ్జెలు కట్టుకోని పోతారా అంటాడు నాయన, మార్చను, పవర్ తగ్గిస్తా, వాళ్ల ఫోన్లకు అందకపోతే చాలు, నూనె డబ్బా కోసి మిద్దె మీద నేను పెట్టిన యాంటెన్నా ఎంత సన్నమాటైనా పట్టుకుంటుంది.

బోర్డు సిగ్నల్ మైనస్ ఎనభై ఎనిమిది అంటోంది ఫోన్ తెర, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ గట్టిగా వినబడుతున్నట్టు, ఇదైతే గుసగుస, ఇదే చాలు, ఉండు, ఎనభై ఒకటి, డెబ్బై నాలుగు, అబ్బా, ఈ చౌక బోర్డులు అరిస్తే ముద్దమాటలు మేడమ్, తగ్గిస్తేనే తేటగా పలుకుతాయి అని తిరుపతిలో అమ్మినాయన చెబితే నవ్వాను, నిజమే చెప్పాడు, అరవై ఆరు, అదురు కూడా చూపిస్తోంది, ట్రాక్టరు అదురు గుడగుడమని సాగుతుంది, ఇది ఆగి ఆగి ఊగుతోంది, యాభై ఎనిమిది, పవర్ మళ్లీ ముట్టుకోలేదే, ఎనిమిదే ఉంది, నాయన భయపడి పోయి విప్పుకొస్తున్నాడేమో, అంతే, నాయనే, అని ఊపిరి వదిలేలోపు పంచలో నాయన దగ్గాడు, పాపా, వీధి మొదట్లో కుక్కలేందే అట్ల మొరగతాండాయి అన్నాడు, నలభై తొమ్మిది, ఒక్కసారిగా కుక్కలు ఊరుకున్నాయి, తెలిసినవాళ్లను చూసినట్టు, నలభై ఒకటి, గొంతు పెరగలేదు, తేటపడలేదు, దూరం తగ్గుతోంది, బోర్డుకు కాళ్లొచ్చాయి, ఎవరివో కాళ్లు, మా ఇంటి దారి తెలిసిన కాళ్లు.