వేసవి మేత

మా అత్త గున్నమ్మ ఉలవలు నానబెట్టమంటే చుట్టాలొస్తున్నారేమో అనుకున్నాను. "మనుసులకి కాదే కూర్మమ్మా, మేకలకి" అంది.

అరవైఎనిమిది వేసవి అది. కోటబొమ్మాళి నుంచి వచ్చిన పశువుల డాక్టరు చెప్పాడట. ఎండల్లో పచ్చిమేత దొరక్క మేకలు చిక్కిపోతాయి, అందుకే ఎదకు రావు. మూడు వారాలపాటు ఉడికిన ఉలవలు, తెలకపిండి, గుప్పెడు చోళ్లు, అంటే రాగులు, చిటికెడు ఉప్పు పెడితే అదను కాని కాలంలోనూ చూలు కడతాయి. ఆ వంట నా పాలబడింది. పొద్దున్నే పొయ్యి ముట్టించి, ఉలవలు ఉడికించి, ఆరు మేకలకూ విడివిడిగా పెట్టేదాన్ని. అత్త పక్కనే కూర్చుని వాటి వెన్ను నిమురుతూ, "సిక్కిపోయినాయి తల్లులు, కడుపునిండా తిననీ" అనేది. నేను కాపురానికొచ్చిన ఈ ఆరేళ్లలో ఆ మాట నాతో ఒక్కసారీ అనలేదు. మామ, మా ఆయన సోములు, మరుదులు, ఆఖరికి అత్త తిన్నాక కుండ అడుగున మిగిలిందే నా భోజనం. కోడలు ముందు తినడం మా ఇంట్లో లేదు. నాకు ముట్టు రెండు నెలలకోసారి, మూడు నెలలకోసారి అయి, ఈ ఏడాది పూర్తిగా ఆగిపోయింది. కడుపే అనుకుని అత్త మొక్కులు మొక్కింది. కాదని తేలాక "గొడ్డుది" అంది. నౌపడలో ఇంకో పిల్లని చూడ్డానికి గురువారం ప్రయాణం పెట్టుకున్నారు. "అమ్మ మాట కాదనగల్నా?" అన్నాడు సోములు, నా వంక చూడకుండానే. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మేకలకిచ్చిన మూడు వారాలు నాకెవరూ ఇవ్వలేదు.

బుధవారం పొద్దున నాలుగు మేకలు ఎదకొచ్చాయి. అత్త సంబరం పట్టలేకపోయింది. "సూసినావేటే! మేకల్లో దోసం నేదు, మేతలోనే ఉన్నాది!"

నేను లోపలికెళ్లి, ఇంకా ఎవరూ ముట్టని అన్నం కుండ మూత తీశాను. కంచం నిండా పెట్టుకుని, అందరి ముందూ వసారాలో కూర్చున్నాను. మొదటి ముద్ద గబగబా మింగాను. రెండోది నమిలి తిన్నాను.

అత్త నా కంచం వంకా, మేకల వంకా చూసింది. తర్వాత ఏం తోచిందో, గొంతు మెత్తబడింది. "పోన్లే, తిను. రేపు ఎల్లొద్దు, మూడు వారాలు సూద్దుం. కడుపు పండితే నౌపడ పెయానం మానీసుకుందుం."

సోములు తలూపాడు. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టిన మాట నిజం, దాచను. మరుక్షణం నా మీద నాకే సిగ్గేసింది.

"మీ పెయానం మీరెల్లండత్తా" అన్నాను. "నాను తింతన్నది పిల్లల కోసం కాదు. ఆకలేసి."