నిలవని పిండం

కుందేళ్ల బోనులు కడుగుతుంటే మా ఆయన సంజీవయ్య పళ్లపుల్ల నములుతూ వచ్చాడు. "ఆ నల్లదాన్ని సంతకు పంపిస్తాండా. ఎన్నిసార్లు జత కలిపినా పిల్లల్లేవు." అదే గొంతుతో, "కోడలి పెట్టె గూడా సర్దు. రేపు పొద్దున బస్సుకు ఆళ్లగడ్డలో వాళ్ల నాయనింట్లో దించొస్తా" అన్నాడు.

కమలాక్షికి ఈసారీ కడుపు నిలవలేదు. నంద్యాల డాక్టరమ్మ అన్నీ పరీక్షించి కోడలిలో లోపమేమీ లేదంది. "లోపం లేకుంటే ఎందుకు పోతాండాయి?" అన్నాడీయన. మా కొడుకు మద్దిలేటిని కూడా చూపించమన్న ఆమె మాట ఈ ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. వాడు తలొంచుకుని సద్ది తిని చేనికి పోయాడు.

నేను బడికి పోలేదు. అంగడి పొట్లాల కాగితాలు విప్పుకుంటూ అక్షరాలు పట్టుకున్నాను. కుందేళ్లు కొన్న ఏడాది, ఎనభై రెండులో, పశువుల డాక్టరు ఇచ్చిన పాత పత్రిక నా తలగడ కింద ఉంది. ఒక కుందేలు పిండాలను తీసి ఇంకోదాని కడుపులో పెడతారట. అట్లా మార్చి చూస్తే పిండం ఎందుకు చచ్చిందో, తప్పు మోసిన కడుపుదో పిండానిదో తెలుస్తుందట. కొన్ని పిండాలు ఎంత మంచి కడుపులో పెట్టినా బతకవట. ఆ పిండంలో సగం మగదానిదే కదా! కుందేలుకు ఇంత విచారణ ఉంది. ఆడమనిషికి బస్సు టికెట్టు.

మగబిడ్డలు దక్కలేదని మా అమ్మనూ ఇట్లాగే పుట్టింటికి పంపారు. ఆమె బండెక్కుతుంటే కొంగు పట్టుకున్న నా వేళ్లను నాయన తల్లి, మా జేజి, ఒక్కొక్కటే విప్పింది. ఇప్పటికీ ఎవరు గడప దాటినా నాకు గుండెదడే.

"అత్తా, పెండ్లి చీర గూడా పెట్టేదా?" అంది కమలాక్షి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"పెట్టె నేను సర్దుతాలే. నువ్వు నల్లదానికి గడ్డెయ్యి."

"సంతకు పోయేదానికి గడ్డెందుకత్తా?"

"యాడికీ పోదులే."

పొద్దున ఆయన పెట్టె ఎత్తి, "ఏందే, ఇంత తేలిగ్గుంది?" అని మూత తీశాడు. మద్దిలేటి చొక్కాలు, పంచెలు.

"ఏందీ ఇది?"

"కర్నూలు డాక్టరు దగ్గరికి నేనూ వాడూ పోతాండాం. కమలాక్షి ఈడనే ఉంటాది."

"మొగోనికి పరీక్షలా? ఊరు నవ్వుతాది!"

"నవ్వనీ."

మద్దిలేటి వాళ్ల నాయన ముఖం చూడలేదు. చెప్పులు వేసుకున్నాడు.

"వానిదే లోపమని తేలితే ఏం జేస్తావే?" అని అరిచాడాయన.

పెట్టె మూత మూసి గొళ్లెం పెట్టాను.

"తేలితే వాణ్ని యాడ దించొస్తావో, నువ్వే చెప్పు."