మిడ్ సున్నా

పరుపు అంచుకు ఆఖరి కుట్టు వేసి, దారం పళ్ళతో తెంపి, పరుపులాయన మళ్ళీ కిటికీ వంక చూశాడు. ఇంకా ఎండగానే ఉంది. ఇంత పెద్ద పగలు ఎవడు కనిపెట్టాడో!

కుట్టి కుట్టి ఆయన వేళ్ళు మొద్దుబారాయి. ఈమధ్య పిడికిలి మూయాలన్నా నొప్పే. ఆ వేళ్ళతోనే ఇరవై ఏళ్ళుగా హెవీ మెటల్ గిటార్ వాయిస్తున్నాడు. ఎవరికంటారా? ఎవరికీ కాదు. వంటింటి పక్క గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తనకు తానే. కాలి దగ్గర, తీగ మోతని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్. దాని మీద మోత పెంచే గెయిన్ నిండా, బేసూ ట్రెబులూ పైకి, ఆ రెంటి నడిమి స్వరాల మిడ్ నాబ్ మాత్రం సున్నాకి. అలా పెట్టి ఒక్క మీటు మీటితే గుండెల్లో బండ దొర్లినట్టుండేది. ఆ సౌండు కుదరడానికి ఏళ్ళు పట్టింది. జన్మకి తనదంటూ ఉన్నది అదొక్కటే అనుకునేవాడు.

గిటారిస్టు మానేస్తే కొత్తవాణ్ణి వెతుక్కుంటున్న ఒక బ్యాండు వాళ్ళు, ఈయన అడిగితే, ఇవాళ సాయంత్రం వాయించి చూపమన్నారు. బయటివాళ్ళ ముందు ఇదే మొదలు. వేళ్ళ సంగతి చూస్తే ఇదే ఆఖరు కూడా.

"ఆ కందిరీగల పెట్టె మోసుకుని ఎక్కడికండీ?" అంది భార్య, సంచిలోని పెడల్ చూసి.

"ఈ ఒక్కసారికి వెళ్ళనియ్యవే. కుదరకపోతే మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు."

ఆమె నవ్వబోయి, ఆయన మొహం చూసి, చొక్కా కాలరు సర్దింది.

రేకుల షెడ్డులో ఇద్దరే ఉన్నారు, డ్రమ్ముల కుర్రాడూ బేసు గిటార్ వాయించే అమ్మాయీ. పరుపులాయన గిటార్ వైరు పెడల్‌కీ, పెడల్ వైరు అక్కడి స్పీకర్‌కీ తగిలించాడు. కుర్రాడు పుల్లలు టకటకలాడించి మొదలుపెట్టాడు. పరుపులాయన మీటాడు. వినబడలేదు. ఇంకా గట్టిగా మీటాడు. తీగ వేలి కింద వణుకుతోంది, మరి ఆ ఉరుము ఏదీ? డ్రమ్ములూ బేసూ కలిసి దాన్ని అమాంతం మింగేశాయి. గెయిన్ ఆఖరి దాకా తిప్పాడు. బుస్సుమంది తప్ప పాట పైకి రాలేదు.

అమ్మాయి ఆపి, వంగి పెడల్ చూసింది. "అయ్యో బాబాయ్, మిడ్ సున్నాలో పెట్టారేంటి? గిటార్ వినబడేదే అక్కడ కదా! ఒక్కళ్ళే వాయించుకుంటే ఇలాగే బాగుంటుంది, అందరితో కలిస్తే మునిగిపోతుంది." అంటూ తనే తిప్పింది.

ఈసారి వినబడింది. తప్పిన వేలు, వెనకబడ్డ మీటు, సరిగా నొక్కని తీగ, ఒక్కటీ దాగలేదు. డ్రమ్ముల కుర్రాడు తల దించుకున్నాడు.

"పర్లేదు బాబాయ్, కొత్త కదా. కంగారు పడకండి" అన్నాడు.

కొత్తా! పరుపులాయనకు ఇరవై ఏళ్ళూ బూడిదలో పోసినట్టయింది.

"మళ్ళీ మొదట్నుంచి వాయిద్దాం" అన్నాడు పరుపులాయన.

వాళ్ళు అందుకున్నారు. పరుపులాయన వంగి నాబ్‌ని మెల్లగా సున్నాకి తిప్పేశాడు. ఆ హోరులో కాసేపు, ఎవరికీ వినబడకుండా, ఆశ తీరా వాయించాడు. తర్వాత పెడల్‌ని అక్కడే వదిలి, గిటార్‌ని సంచిలో పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. కళ్ళు మూసుకుని వాయిస్తున్న ఆ ఇద్దరికీ ఏ తేడా తెలియలేదు.

పాట అయిపోయింది. స్పీకర్ మాత్రం షెడ్డంతా జుయ్యిమనిపిస్తూనే ఉంది, గిటార్ నుంచి పీకేసిన వైరు కొస నేల మీద పడి ఉంది.