గట్టయ్య తీగ పరీక్ష

పొద్దున్నే ముక్కు చీది, వచ్చినదాన్ని రెండు వేళ్ల నడుమ పట్టి మెల్లగా విడదీశాడు గట్టయ్య. బెత్తెడు తీగ సాగింది, తెగలేదు. మొన్నటిదాకా గంజిలా జారేది, ఇప్పుడు పచ్చగా, బంకలా ఉంది. అసహ్యించుకోకండి, అది అతని పనిలో అలవాటు. ముప్పై ఏళ్లుగా మానుకోట గోడలకు సినిమా పోస్టర్లు అంటించే మనిషి, మైదా ఉడికించిన లైని కూడా అట్లాగే సాగదీసి చూస్తాడు.

"లైకంటె చిక్కగైంది. గిదే రాస్తె పోలీసోని తాత గూడ పీకలేడు," అన్నాడు.

"థూ! దవాఖానకు పోదాం పా," అంది భార్య వీరమ్మ. అతనికి వాసన తెలియక ఇరవై ఏళ్లు. లై మాడిందో పులిసిందో ఆమే గిన్నె మీద వంగి చెప్పాలి. ఆ పూట అతని కన్నొకటి వాచింది, నుదురు పగిలిపోతోంది.

"రేపు రైలు పట్టాల మీద కూసునుడుంది. గీ పోస్టర్లు ఎవ్వడు అంటిస్తడే?"

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. స్టేషన్ గోడ దగ్గర కానిస్టేబుల్ అడ్డం వచ్చాడు.

"మాటే ముక్కుల నుంచి వస్తున్నది, నీకు తెలంగాణ గావాల్నా ముసలోడా?"

"ముక్కు మూసుకున్నది, నోరు మీరు మూయిస్తున్రు. చెయ్యి మాత్రం ఖాళీగున్నది సారూ."

కానిస్టేబుల్ పోస్టర్ లాగాడు. గోరంత ముక్క ఊడింది, అంతే.

ఆఖరి పోస్టర్ అంటించి గట్టయ్య అక్కడే కూలబడ్డాడు. వీరమ్మ ఆటోలో దవాఖానకు తెచ్చింది.

"చీమిడి చిక్కబడి లోపల్నే ఆగిపోయింది బాపూ. చీము మెదడు దిక్కు ఎక్కుతున్నది. ఇప్పుడే వరంగల్ పోవాలె," అంది డాక్టరమ్మ.

"రేపు రైలు ఆగినంక పోత."

ఆమె బతిమాలింది, వీరమ్మ ఏడ్చింది. అతను కదల్లేదు. అక్కడే మంచం మీద పడుకుని సూదులు మాత్రం వేయించుకున్నాడు. సాయంత్రం ఇచ్చిన జావ సగం తాగి, మిగతాది వేళ్లతో సాగదీశాడు. చదువు రాదు గానీ, ఏళ్లుగా అంటించిన అక్షరాలు చేతికి వచ్చు. మందుల చీటి వెనక 'జై తెలంగాణ' అని గీసి, తలాపున గోడకు జావతో అతికించాడు.

తెల్లారి, రైళ్లు ఆగినయని వీరమ్మ చెవిలో చెప్పింది. అప్పటికే గట్టయ్య చెయ్యి చల్లబడింది.

మధ్యాహ్నం మంచం మీద దుప్పటి మార్చారు. గోడ మీది చీటిని ఆయా గోరుతో గీకింది, తడిగుడ్డ పెట్టి రుద్దింది. చీటి ఒక మూల లేచి, ఫ్యాను గాలికి టపటపలాడింది గానీ గోడను వదల్లేదు.