నాలుగు తలుపుల ట్రైలర్

కొత్తవలసలో కిరాణా కొట్టు నడిపే నగరేశ్వరరావు కూతురు అరుణశ్రీ, రోజూ పొద్దున్నే పాసింజరెక్కి విజయనగరం కాలేజీకి వెళ్తుంది. రైల్లో సీటు దొరికితే నిద్ర, దొరక్కపోతే ఫోను. పుస్తకం చదవడం అనే మూడో దారి కూడా ఒకటుందని డిగ్రీ రెండో ఏడు దాకా ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పింది అనూరాధ మేడం.

మేడం ఇంగ్లీషు లెక్చరరు. పాఠం చెప్తుంటే పిల్లలు ఫోన్లు చూస్తున్నారని, విసుగెత్తి పాఠాన్నే ఫోన్లోకి తోసేసింది. క్లాసుని రెండుగా చీల్చి, సగం మందికి అందరూ సుఖంగా ఉండే లోకాల నవలలు, మిగిలిన సగానికి అందరూ భయంతో బతికే లోకాల నవలలు పంచింది. ఒక్కో జట్టు తన నవలకి రెండు నిమిషాల ట్రైలర్ తీయాలి. చూసినవాళ్లు ఆ పుస్తకం కోసం లైబ్రరీకి పరిగెత్తాలి.

"చివర ఏమైందో చెప్పొద్దు. సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట ఆపేయండి," అంది మేడం.

సుఖలోకం జట్టు నానా తంటాలు పడింది. సుఖంలో చూపించడానికి ఏముంటుంది గనక! ఉపేంద్ర వాళ్లు వరిచేను పక్కన అరిటాకులు వేసి పదిమంది భోంచేయడం తీసి, "అందరూ తిన్నారు, శుభం" అని ముగించారు. క్లాసంతా ఆవులించింది.

అరుణశ్రీకీ, ఆమె స్నేహితురాలు యమునకీ భయలోకం వచ్చింది. వాళ్ల నవలలో ఒక ఆఫీసరమ్మ రోజుకో తలుపు మీద సుద్దముక్కతో ఇంటూ గుర్తు గీస్తుంది. తెల్లారేసరికి ఆ ఇంటికి తలుపుండదు, అక్కడ గోడ ఉంటుంది. మూడో రోజుకి ఆ ఇంట్లోవాళ్లని ఊరంతా మర్చిపోతుంది. ఇదంతా మొదటి ముప్ఫై పేజీల్లోనే ఉంది. అరుణశ్రీ చదివింది కూడా అంతవరకే. రెండు నిమిషాల ట్రైలర్‌కి అంతకన్నా ఎందుకు అనుకుంది.

యమున ఫోను పట్టుకుంది, అరుణశ్రీ ఆఫీసరమ్మ వేషం కట్టింది. నాలుగు తలుపులు తీశారు. కోట దగ్గర టైలరు చినబాబు ఇంటి తలుపు, హాస్టల్ వంటమనిషి దాలమ్మ గది తలుపు, యమున వాళ్ల తలుపు, ఆఖరికి కొత్తవలసలో అరుణశ్రీ వాళ్ల ఆకుపచ్చ తలుపు. ఆ నాలుగో తలుపు ముందు సుద్దముక్క పట్టుకున్న చెయ్యి పైకి లేస్తుంది. అంతే, తెర నల్లబడుతుంది.

కాలేజీ తెరని ఎలకలు కొట్టేశాయి. అందుకని మేడం, ఒకప్పుడు తోలుబొమ్మలాట ఆడిన నూకయ్య దగ్గరికి వెళ్లి ఆయన తెల్లతెర అడిగింది. తెర ఇస్తూ ముసలాయన ఒక్కటే అడిగాడు.

"పట్టాభిషేకం దాకా ఆడతారు గదా అమ్మా? ఈ తెర మీద కత మద్దిలో ఆపకూడదు."

"అలాగే, అలాగే," అంది మేడం. రెండు నిమిషాల వీడియోకి పట్టాభిషేకం ఏమిటని ఆవిడకి నవ్వొచ్చింది.

సోమవారం సాయంత్రం ట్రైలర్లు వేశారు. అరుణశ్రీ వాళ్ల దానికి చప్పట్లు మోగిపోయాయి.

మంగళవారం పొద్దున్న చినబాబు ఇంటికి తలుపు లేదు. ఉండాల్సిన చోట గోడ ఉంది, దాని మీది సున్నం కూడా పాతదే. చినబాబు కిటికీ ఊచలు కోయించుకుని, అందులోంచే జాకెట్లు పుచ్చుకోవడం మొదలెట్టాడు. "తలుపు పోయిందటగా?" "ఆఁ, పోయింది," అనుకున్నారు వీధివాళ్లు, కరెంటు పోయినప్పుడు అనుకున్నట్టే. బుధవారం దాలమ్మ తలుపు పోయింది. ఆవిడ కిటికీ కింద స్టూలు వేయించుకుంది.

ఆ రెండు రోజులూ అరుణశ్రీ నిద్రలేచేసరికి కుడిచేతి వేళ్లకి సుద్దపొడి అంటుకుని ఉంది. కడుక్కుంది. ఎవరికీ చెప్పలేదు. కడిగిన చేతినే సబ్బు పెట్టి మళ్లీ మళ్లీ కడిగింది. చాలా భయంగా ఉంది ఆ పిల్లకి.

గురువారం యమున చిరిగిన చున్నీతో కాలేజీకొచ్చింది.

"కిటికీలోంచి దూకాను. అమ్మ దిగలేకపోయింది. లోపలే ఉంది," అంది.

ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఫోన్లో, ట్రైలర్ కోసం తీసిన వీడియోలు పెట్టారు. మొదటి తలుపు తెరుచుకుని, మెడలో టేపు వేసుకున్న ఒక నడివయసు మనిషి బయటికొచ్చాడు. "నన్ను కూడా బాగా సూపించండమ్మా," అని నవ్వాడు.

"ఎవరే ఈయన?" అంది యమున.

అరుణశ్రీ ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆయన పక్కన తనే నిలబడి నవ్వుతోంది. ఆ పిల్ల ఒంటి మీదున్న చుడీదారు కుట్టింది కూడా ఆ చినబాబే. అయినా ఆ మొహం ఎప్పుడూ చూడనట్టే ఉంది.

యమున వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. "నాకు శనివారం దాకా ఉంది. ఆ రోజు నన్ను చూసి కూడా ఇలాగే అడుగుతావా అరుణా?"

అరుణశ్రీ ఫోను ఆపేసింది. రేపు నాలుగో తలుపు. దాని వెనక ఉండేది నాన్న, మామ్మ. ఇంకెవరున్నారు తనకి?

కథ మధ్యలో ఆపొద్దన్న నూకయ్య మాటని మేడం క్లాసులో నవ్వుతూ చెప్పడం గుర్తొచ్చి, ఇద్దరూ ఆయన ఇంటికి పరిగెత్తారు. ఆయన అంతా విని తల కొట్టుకున్నాడు.

"నాను సెప్పలేదేటి మీ మేడానికి? కత మద్దిలో ఆపితే బొమ్మలు పెట్టిలోకి ఎల్లవు. ఊల్లోకి ఎల్తాయి."

"ఇప్పుడేం చెయ్యాలి తాతా?"

"ఆడినోల్లే ముగించాల. ఈ తెర మీదే, రేపు పొద్దు పొడిసే లోగా."

కొత్తవలస వెళ్లే రైల్లో అరుణశ్రీ నవల ఆఖరి పేజీలు తీసింది. ఆఫీసరమ్మ తన తలుపు మీదా గీసి, ఊళ్లో మిగిలిన తలుపులన్నిటి మీదా గీసింది. ఆ తర్వాత ఊరి గురించి చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. అలా ముగిస్తే కొంప మునుగుతుంది. "మనం వేరేలా తీద్దాం. ఆఫీసరమ్మ సుద్దముక్క పారేసి వెళ్లిపోతుంది," అంది అరుణశ్రీ.

అనుకున్నంత తేలిక కాలేదు. యమున ఫోను ఎత్తి పట్టగానే, అరుణశ్రీ చెయ్యి సుద్దముక్కని వదల్లేదు. దానంతట అదే ఆకుపచ్చ తలుపు మీదికి పోయింది. రెండోసారి ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టి లాగింది. ఆగలేదు. మూడోసారి యమున ఫోను పడేసి వాటేసుకుని వెనక్కి ఈడ్చింది.

అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న మామ్మ కన్యాకుమారి ఇదంతా చూసింది.

"ఏటే, ఆ సెయ్యి అలా కొట్టుకుంటన్నాది?"

అరుణశ్రీ ఏడుస్తూ అంతా చెప్పేసింది. మామ్మ చింతపండు పక్కకి జరిపి వింది. అంతా అయ్యాక అడిగింది.

"గీయకుండా ఆగదా అది?"

"ఆగదు మామ్మా."

"తలుపు మీదే గీయాలని ఉందేటి?"

అరుణశ్రీకి అర్థమై, "వద్దు," అని అరిచింది. మామ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది. కుడి అరచెయ్యి ఎత్తి మనవరాలి ముందు పెట్టింది.

"ఇక్కడ గియ్యి."

"మూడో రోజుకి నిన్ను ఎవరూ గుర్తుపట్టరు మామ్మా. నేను కూడా."

"సెప్పావు గదే, ఇన్నాను. ఈ పిల్ల తల్లి గోడల మద్దిన కూకుని ఉన్నాది. రేపు మీ నాన్న ఉంటాడు. నాకు డెబ్బై దాటాయి. మీరు మర్సిపోతే పోండి, నాను మర్సిపోను గదా. యమునా, ఫోను తియ్యవే."

చెయ్యి దిగింది. ముడతల అరచేతిలో తెల్లగా ఇంటూ పడింది. మామ్మ గుప్పిట మూసుకుని, "కత అయిపోయింది," అంది ఫోనుకేసి చూస్తూ.

దీపాలు పెట్టే వేళకి ఇద్దరూ మళ్లీ రైల్లో విజయనగరం వచ్చేశారు, నూకయ్య తన పెరట్లో తెర కట్టాడు. ఆ ఒక్క నిమిషం బొమ్మ వేశారు. చివర్న ముసలాయన పగిలిన గొంతుతో మంగళం పాడాడు.

శుక్రవారం తలుపులన్నీ వచ్చేశాయి. చినబాబు తన తలుపు గొళ్లెం పదిసార్లు వేసి తీసి చూసుకున్నాడు. యమున వాళ్లమ్మ వీధిలోకొచ్చి ఎండలో నిలబడి ఏడ్చింది. నగరేశ్వరరావు మాత్రం రెండు రోజులు కొట్టు తెరవలేదు. తల్లి పక్కన కూర్చుని చింతపండు గింజలు తీశాడు. అరుణశ్రీ కాలేజీ మానేసి, పిలవడానికి పని లేకపోయినా "మామ్మా, మామ్మా" అని పిలుస్తూనే ఉంది. శనివారం రాత్రి నిద్రపోకూడదని ఒట్టు పెట్టుకుంది. తెల్లవారుజామున కన్నంటుకుంది.

ఆదివారం పొద్దున్న ఆకుపచ్చ తలుపు తీసేసరికి, అరుగు మీద ఎవరో ముసలావిడ కూర్చుని ఉంది.

"ఎవరు కావాలండీ?" అంది అరుణశ్రీ.

ముసలావిడ కాసేపు ఆమె మొహంలోకి చూసింది.

"ఎవలూ వద్దు తల్లీ. కూసింతసేపు కూకుని ఎల్లిపోతాను."

"ఎవరే అమ్మా?" లోపల్నుంచి నగరేశ్వరరావు కేకేశాడు.

"ఎవరో ముసలావిడ నాన్నా."

"తిందో లేదో కనుక్కో పాపం."

ముసలావిడ ఆ గొంతు విని తల వంచుకుంది. అరుణశ్రీకి జాలేసింది. "ఉండండి, ఉప్మా తెస్తాను," అని లోపలికి వెళ్తూ, కుక్కలు దూరతాయని తలుపు దగ్గరగా వేసింది.